గీజర్ పొగకు బయటి దారి తప్పనిసరి
స్నానాల గదిలో వాసన లేని విషవాయువు – పొగగొట్టం, ఫ్యాను అమరికలో పాటించవలసిన జాగ్రత్తలు

జీడిమెట్ల: చలికాలం మొదలైతే జీడిమెట్ల, షాపూర్‌నగర్, చింతల్, సుచిత్ర ప్రాంతాల ఇళ్లలో వేడినీటి అవసరం పెరుగుతుంది. కరెంటు గీజరులో నీరు కాగే వరకు వేచి ఉండలేనివారు, ఉదయం షిఫ్టుకు వెళ్లే కార్మిక కుటుంబాలు, ఒకే స్నానాల గదిని నలుగురైదుగురు వాడుకునే పోర్షన్ల వారు గ్యాస్ గీజరు వైపు మొగ్గు చూపుతున్నారు. కుళాయి తిప్పగానే వేడినీరు రావడం, కరెంటు పోయినా పని చేయడం దీనిలోని సౌలభ్యాలు. అయితే గోడకు గీజరును బిగించినంత శ్రద్ధ, అది వదిలే పొగను బయటకు పంపడంలో చూపడం లేదు. ప్రాణాల మీదికి వచ్చేది ఇక్కడే.

2023 మార్చిలో హోలీ పండుగ నాడు ఉత్తరప్రదేశ్‌లోని ఘజియాబాద్ జిల్లాలో ఒక జంట, ముంబయిలోని ఘాట్‌కోపర్‌లో మరొక జంట రంగులు కడుక్కునేందుకు స్నానాల గదిలోకి వెళ్లి విగతజీవులై కనిపించారు. రెండు ఘటనల్లోనూ గ్యాస్ గీజరు నుంచి వెలువడిన వాయువే కారణమై ఉండవచ్చని అప్పట్లో అనుమానాలు వ్యక్తమయ్యాయి. గీజరు వాడుతూ స్పృహ తప్పినవారిని, మూర్ఛ వచ్చినట్లు పడిపోయినవారిని పరీక్షించిన నాడీ వైద్య నిపుణులు దీనిని ‘గ్యాస్ గీజర్ సిండ్రోమ్’ అనే పేరుతో వైద్య పత్రికలలో నమోదు చేశారు. సరైన పొగగొట్టం, గాలి వచ్చే రంధ్రం ఉంటే నూటికి నూరుపాళ్లు నివారించదగిన ప్రమాదమిది.

ప్రమాదం ఎలా జరుగుతుంది?

నిమిషానికి 5 లేదా 6 లీటర్ల వేడినీరు ఇచ్చే చిన్న గీజరు పని చేస్తున్నంతసేపు సుమారు 10 కిలోవాట్ల మంటను మండిస్తుంది. వంట పొయ్యిలోని ఒక బర్నరు కంటే ఇది నాలుగైదు రెట్లు ఎక్కువ. గంటసేపు మండితే సుమారు 800 గ్రాముల ఎల్పీజీ ఖర్చవుతుంది. కిలో ఎల్పీజీ పూర్తిగా మండడానికి 12 ఘనపు మీటర్లకు పైగా గాలి అవసరం.

ఈ లెక్కను మన స్నానాల గదికి వర్తింపజేసి చూడవచ్చు. అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు గల గదిలో పట్టే గాలి సుమారు 8 ఘనపు మీటర్లు. తలుపు, వెంటిలేటర్ మూసి పది నిమిషాలు స్నానం చేస్తే గీజరు అందులో దాదాపు ఐదో వంతు గాలిలోని ప్రాణవాయువును మింగేస్తుంది. ఆ మేరకు బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి గదిలో నిండుతాయి. గాలిలో మామూలుగా 21 శాతం వరకు ఉండే ప్రాణవాయువు తగ్గిన కొద్దీ మంట సరిగా మండదు. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. ఒకరి తరువాత ఒకరు వరుసగా స్నానం చేసే ఇంట్లో చివర వెళ్లినవారికి ముప్పు ఎక్కువ.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. సిలిండరులోని గ్యాస్‌కు కలిపే ఘాటైన వాసన పదార్థం మంటలో కాలిపోతుంది కనుక పొగలో ఆ హెచ్చరిక కూడా మిగలదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ప్రాణవాయువుతో ఉన్న ఆకర్షణ కంటే ఈ వాయువుతో ఉన్న ఆకర్షణ 200 రెట్లకు పైగా ఎక్కువ. గాలిలో పది లక్షల భాగాలకు 1,600 భాగాలు ఈ వాయువు ఉంటే ఇరవై నిమిషాలలోనే తలనొప్పి, తలతిరుగుడు, వికారం మొదలవుతాయి. గంటసేపు అలాగే ఉంటే ప్రాణం పోవచ్చు. ఆ మోతాదు 12,800కు చేరితే కొద్ది నిమిషాలే చాలు. కాళ్లలో సత్తువ పోవడంతో, ప్రమాదాన్ని గుర్తించినవారు కూడా గడియ తీయలేక పడిపోతారు.

ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే చాలదు

‘మా బాత్రూములో ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంది, భయం లేదు’ అనుకోవడం సర్వసాధారణం. ఇది పొరపాటు. గోడకు బిగించే మామూలు ఎగ్జాస్ట్ ఫ్యానుకు, గీజరు పొగను నేరుగా బయటకు పంపే ఫ్యానుకు చాలా తేడా ఉంది.

తలుపులు మూసి ఉన్న గదిలోని గాలిని ఎగ్జాస్ట్ ఫ్యాను బయటకు లాగినప్పుడు, బదులు గాలి ఎక్కడినుంచో ఒకచోటినుంచి లోపలికి రావాలి. తలుపు కింద సందు గానీ, గోడలో రంధ్రం గానీ లేకుంటే ఆ గాలి గీజరు పొగగొట్టం గుండానే లోపలికి వస్తుంది. పైకి పోవలసిన పొగ వెనక్కు మళ్లి గదిలో నిండుతుంది. పక్కనే ఉన్న వంటగదిలో పెద్ద చిమ్నీ నడుస్తున్నా ఇదే పరిస్థితి ఏర్పడవచ్చు.

మరొక చిక్కు కూడా ఉంది. మన దగ్గర వాడే గీజర్లలో చాలా వరకు రెండు బ్యాటరీలతో, నీటి ఒత్తిడితో వెలుగుతాయి. కరెంటు పోతే గోడకున్న ఫ్యాను ఆగుతుంది గానీ గీజరు మంట ఆగదు. అందుచేత మామూలు ఫ్యాను మీద భరోసా పెట్టుకోరాదు.

గీజర్లలో రకాలు

కొనే ముందు పెట్టె మీద, వెంట ఇచ్చే పుస్తకంలో గీజరు రకాన్ని తెలుసుకోవడం మొదటి మెట్టు.

● పొగగొట్టం లేనివి: పొగను తాము ఉన్నచోటనే వదిలేస్తాయి. వీటిని స్నానాల గదిలో పెట్టనే కూడదు. వర్షం పడని బాల్కనీ, బయటి యుటిలిటీ వంటి తెరిచిన చోటే వీటికి తగినది. వేడినీటి పైపును మాత్రమే లోపలికి తీసుకోవాలి.

● సహజంగా పొగ పైకి పోయేవి: వేడిపొగ తేలికగా ఉండి గొట్టం గుండా పైకి పోతుంది. గొట్టం నిటారుగా తగినంత ఎత్తు ఉంటేనే ఇవి సరిగా పని చేస్తాయి. అడ్డంగా తిప్పి కిటికీలోనుంచి బయటకు పెట్టిన గొట్టం వీటికి పనికిరాదు.

● ఫ్యానుతో పొగను నెట్టేవి: గీజరు లోపలే ఫ్యాను ఉంటుంది. పొగను అడ్డగొట్టం గుండా గోడ అవతలికి నెడుతుంది. మంటకు కావలసిన గాలిని మాత్రం గదిలోనుంచే తీసుకుంటుంది. కనుక గాలి వచ్చే రంధ్రం తప్పనిసరి.

● మూసివున్న గది రకం: ఒక గొట్టం గుండా బయటి గాలిని పీల్చి, మరొక గొట్టం గుండా పొగను బయటకే వదులుతుంది. గదిలోని గాలితో సంబంధం లేదు. అన్నింటిలోనూ సురక్షితమైనది ఇదే.

పొగగొట్టం లేని గీజరుకు గానీ, సహజంగా పొగ పోయే గీజరుకు గానీ బజారులో దొరికే ఫ్యానును తెచ్చి అతికించడం ప్రమాదకరం. తయారీదారు ఫ్యానుతో పాటు ఒక ఒత్తిడి స్విచ్చును అమరుస్తాడు. ఫ్యాను తిరిగి గొట్టంలో గాలి కదిలితేనే ఆ స్విచ్చు గ్యాసును వదులుతుంది. కరెంటు పోయినా, ఫ్యాను చెడినా, గొట్టం మూసుకుపోయినా మంట వెంటనే ఆరిపోతుంది. ఈ ఏర్పాటు లేని ఫ్యానుకు అర్థం లేదు. ఎల్పీజీతో నడిచే చిన్న గీజర్లకు ఐఎస్ 15558 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఐఎస్ఐ గుర్తు ఉన్నదే కొనాలి.

గొట్టం ఎలా ఉండాలి?

గీజరు పొగ వంద డిగ్రీలు దాటిన వేడితో వస్తుంది. నీళ్లకు వాడే పీవీసీ పైపు ఆ వేడికి మెత్తబడి వంగుతుంది, అతుకులు విడిపోతాయి. చౌకగా వస్తుందని పీవీసీ పెట్టించడం తగదు. గీజరుతో పాటు కంపెనీ ఇచ్చే స్టెయిన్‌లెస్ స్టీలు లేదా అల్యూమినియం గొట్టాన్నే వాడాలి. జీడిమెట్ల, బాలానగర్ పారిశ్రామిక ప్రాంతాల్లోని షీట్‌మెటల్ వర్క్‌షాపులలో గొట్టం చేయించేవారు కొలతల విషయంలో రాజీ పడకూడదు.

● గీజరు మీది రంధ్రం ఎంత వెడల్పు ఉందో గొట్టం చివరి వరకు అంతే ఉండాలి. మధ్యలో సన్నబడరాదు.

● వంపులు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. మొత్తం పొడవు, వంపుల సంఖ్య తయారీ పుస్తకంలోని పరిమితిని మించకూడదు.

● ఫ్యాను రకం గీజరులో అడ్డగొట్టం బయటి వైపునకు కొద్దిగా కిందికి వాలి ఉండాలని సాధారణంగా సూచిస్తారు. లేకుంటే వాననీరు, ఆవిరి చల్లబడి ఏర్పడిన నీరు గీజరులోకి జారతాయి. వాలు ఎంతో పుస్తకంలో చూసుకోవాలి.

● ప్రతి అతుకు వద్ద క్లాంపు బిగించి, వేడిని తట్టుకునే సీలెంటు లేదా అల్యూమినియం టేపు వేయాలి. మామూలు ఇన్సులేషన్ టేపు, ఎంసీల్ వంటివి ఈ పనికి రావు.

● గొట్టం థర్మోకోల్ సీలింగుకు, ప్లాస్టిక్ తలుపుకు, కరెంటు వైర్లకు తగలరాదు. గోడలోనుంచి పోయేచోట లోహపు తొడుగు వేసి, చుట్టూ ఉన్న సందు పూడ్చాలి. లేకుంటే బయటకు పోయిన పొగ ఆ సందులోనుంచే తిరిగి వస్తుంది.

● రెండు గీజర్లకు ఒకే గొట్టం కలపరాదు. గీజరు గొట్టాన్ని వంటగది చిమ్నీ గొట్టంలో కలపడం అంతకంటే ప్రమాదం.

గొట్టం చివర ఎక్కడ?

అపార్టుమెంట్లలో ఎక్కువగా జరిగే తప్పు ఇక్కడే ఉంది. స్నానాల గదుల వెనుక ఉండే డక్టులోకి గొట్టాన్ని వదిలి పని అయిపోయిందనుకుంటారు. ఆ డక్టులోకే పై అంతస్తుల వెంటిలేటర్లన్నీ తెరుచుకుంటాయి. పైన వాన పడకుండా రేకు కప్పి ఉంటే పొగ ఎటూ పోలేక పక్కింటి స్నానాల గదిలోకి చేరుతుంది. ఒకరి గీజరు మరొకరి ప్రాణానికి ముప్పు అవుతుంది.

గొట్టం చివర తెరిచిన ఆకాశం వైపు ఉండాలి. ఫ్యానుతో నడిచే పొగగొట్టాల విషయంలో అమెరికాలో అనుసరించే ఎన్ఎఫ్‌పీఏ 54 నియమావళి కొన్ని కొలతలు చెబుతోంది. దాని ప్రకారం గొట్టం చివర ఏ తలుపుకైనా, తెరిచే కిటికీకైనా పక్కకు 4 అడుగులు లేదా కిందికి 4 అడుగులు లేదా పైకి 1 అడుగు దూరంలో ఉండాలి. ఫ్యానుతో గాలిని లోపలికి లాగే రంధ్రం పదడుగుల లోపు ఉంటే దానికంటే 3 అడుగులు ఎత్తున ఉండాలి. ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్న మన కాలనీల్లో ఈ దూరాలు దొరకకపోతే గీజరు స్థలాన్నే మార్చుకోవాలి గానీ దూరాన్ని తగ్గించుకోరాదు.

నగరంలో పావురాల బెడద తెలిసిందే. గొట్టం చివర గూడు కడితే పొగ లోపలే ఆగుతుంది. అందుకు పెద్ద కన్నాల జాలీ ఉన్న మూత అమర్చాలి. దోమల జాలీ మాత్రం కట్టరాదు. దుమ్ము, నూగు పట్టి కొద్ది నెలల్లోనే అది మూసుకుపోతుంది.

గాలి వచ్చే దారి

పొగ పోయే దారితో పాటు గాలి వచ్చే దారి కూడా ఉండాలి. గదిలోని గాలితో మండే గీజరు ఉన్నచోట నేరుగా బయటికి తెరుచుకునే రెండు శాశ్వత రంధ్రాలు ఉండాలని అదే నియమావళి చెబుతోంది. ఒకటి సీలింగుకు అడుగులోపు, మరొకటి నేలకు అడుగులోపు. 10 కిలోవాట్ల గీజరుకు ఒక్కొక్క రంధ్రంలో కనీసం 9 చదరపు అంగుళాల ఖాళీ కావాలి. అంటే మూడంగుళాల చదరం. జాలీ, రెక్కలు అడ్డుపడే స్థలాన్ని తీసివేసి లెక్కించాలి కనుక దీనికి రెట్టింపు పెట్టుకోవడం మేలు. నేలకు దగ్గరి రంధ్రానికి మరొక ప్రయోజనం ఉంది. ఎల్పీజీ గాలి కంటే బరువైనది. లీకైతే కింద పేరుకుంటుంది. ఆ రంధ్రం దానికి బయటి దారి అవుతుంది.

చలిగాలి వస్తోందని వెంటిలేటర్‌కు అట్టముక్క, థర్మోకోల్, పాత కాగితాలు అడ్డుపెట్టడం ప్రతి శీతాకాలం కనిపించే దృశ్యం. గ్యాస్ గీజరు ఉన్న ఇంట్లో అది ఆత్మహత్యా సదృశం. అద్దె ఇళ్లలో గోడకు రంధ్రం చేయించే బాధ్యత ఎవరిదన్న వాదన కూడా తరచు వస్తుంది. కిరాయిదారు సొంతంగా గోడ తొలచలేడు. యజమాని ఖర్చుకు వెనుకాడతాడు. ఈ మధ్యలో గీజరు మాత్రం మండుతూనే ఉంటుంది. రంధ్రం పెట్టించే వరకు గీజరును బిగించకుండా ఉండడమే ఇద్దరికీ క్షేమం.

గ్యాసు, కరెంటు కనెక్షన్లు

● సిలిండరు స్నానాల గదిలో ఉండరాదు. గాలి తగిలే చోట నిటారుగా నిలబెట్టాలి. పొయ్యి గొట్టానికి టీ జాయింటు వేసి గీజరుకు లాగడం మానుకోవాలి. రెండో పాయింటు కోసం గ్యాస్ డీలరును సంప్రదించి వారి మెకానిక్ చేతనే పని చేయించాలి.

● ఐఎస్ఐ గుర్తు ఉన్న సురక్షా హోస్ పైపునే వాడాలి. అయిదేళ్లకు ఒకసారి మార్చాలి. గోడలో పూడ్చరాదు.

● పైపుల ద్వారా వచ్చే సహజవాయువు ఒత్తిడి 21 మిల్లీబార్లు. సిలిండరు గ్యాసు ఒత్తిడి 30 మిల్లీబార్లు. రెండింటికీ నాజిల్ వేరు. నగరంలో 2003లో ఏర్పాటైన భాగ్యనగర్ గ్యాస్ సంస్థ పైపు కనెక్షన్ తీసుకున్న ఇళ్లవారు పాత ఎల్పీజీ గీజరును మార్పు చేయకుండా దానికి తగిలించరాదు.

● ఫ్యాను రకం గీజరుకు ఎర్తింగు ఉన్న మూడు పిన్నుల సాకెట్ కావాలి. నీళ్లు చిందని చోట దానిని పెట్టి, 30 మిల్లీ ఆంపియర్లకు ట్రిప్పయ్యే ఆర్‌సీసీబీ అమర్చుకోవాలి.

వాడే ముందు పరీక్ష

బిగించిన మెకానిక్ వెళ్లిపోకముందే రెండు పరీక్షలు చేయించుకోవాలి. మొదటిది లీకు పరీక్ష. అతుకులన్నింటికీ సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. అగ్గిపుల్లతో ఎన్నడూ చూడరాదు.

లీకు లేదని తేలిన తరువాత రెండోది పొగ పరీక్ష. పొగగొట్టానికి కింద తెరిచిన మూతి ఉన్న గీజరుకు ఇది వర్తిస్తుంది. తలుపులు, కిటికీలు మూసి, ఇంట్లోని ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, వంటగది చిమ్నీ అన్నీ నడపాలి. గీజరును అయిదు నిమిషాలు మండించి, వెలిగించిన అగరుబత్తిని ఆ మూతి దగ్గర పట్టాలి. పొగ గొట్టంలోకి లాగినట్లు పోతే సరైన అమరిక. గదిలోకి వెదజల్లితే వెంటనే ఆర్పి, లోపం సరిదిద్దే వరకు వాడకూడదు. ఫ్యాను రకం గీజరులో అయితే మంట వెలుగుతుండగా కరెంటు స్విచ్చు ఆపి చూడాలి. మంట తక్షణం ఆరిపోవాలి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం అమర్చుకుంటే మరింత భద్రత. గ్యాస్ లీకును పసిగట్టే అలారం, ఈ అలారం ఒకటి కావు. యూరప్ ప్రమాణం ఈఎన్ 50291 ప్రకారం చేసిన అలారం పది లక్షలకు 300 భాగాలు దాటితే మూడు నిమిషాల లోపే మోగుతుంది. సెన్సరు కాలపరిమితి ముగిసిన తరువాత దానిని మార్చాలి.

ఏడాదికొకసారి చలికాలానికి ముందే గీజరును సర్వీసు చేయించాలి. మంట నీలంగా ఉండాలి. పసుపు రంగుకు మారినా, గీజరు మీద మసి కనిపించినా, అద్దాలు ఎన్నడూ లేనంతగా చెమర్చినా వాడకం ఆపి మెకానిక్‌ను పిలవాలి.

ప్రమాదం జరిగితే...

స్నానానికి వెళ్లినవారు పిలిచినా పలకకపోతే ఆలస్యం చేయరాదు. గ్యాస్ గీజరు ఉన్న ఇంట్లో బయటినుంచి కూడా తీయగలిగే గడియ ఉండడం మంచిది. తలుపు తీసి, గాలి ఆడనిచ్చి, బాధితులను వెంటనే ఆరుబయటకు తేవాలి. సిలిండరు రెగ్యులేటరు ఆపాలి. రక్షించేవారు లోపల నిలిచిపోకూడదు. శ్వాస లేకుంటే కృత్రిమ శ్వాస, ఛాతీ మర్దన ప్రారంభించి 108కు ఫోన్ చేయాలి.

ఆసుపత్రిలో ‘గ్యాస్ గీజరు వాడుతుండగా పడిపోయారు’ అన్న మాట మొదటే చెప్పాలి. లేకుంటే మూర్ఛ అనో, గుండెపోటు అనో పొరబడే అవకాశం ఉంది. వేలికి తగిలించే మామూలు ఆక్సీమీటరు ఈ విషయంలో మోసం చేస్తుంది. రక్తంలో ప్రాణవాయువు తగినంత ఉన్నట్లే చూపుతుంది. రక్తపరీక్షే దారి. మామూలు గాలిలో రక్తంలోని ఈ విషవాయువు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంటన్నర లోపే తగ్గుతుంది. కోలుకున్నాక కూడా కొందరిలో మతిమరుపు, నడకలో తడబాటు వారాల తరువాత బయటపడవచ్చు. గర్భిణుల విషయంలో కడుపులోని బిడ్డకు ముప్పు మరింత ఎక్కువ.

గ్యాస్ వాసన వస్తే మాత్రం పద్ధతి వేరు. ఏ స్విచ్చూ వేయరాదు, తీయరాదు. ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా వేయరాదు. రెగ్యులేటరు ఆపి, తలుపులు తెరిచి, బయటకు వచ్చాకే ఫోన్ చేయాలి.

గుర్తుంచుకోవలసిన నంబర్లు: ఎల్పీజీ లీకు ఫిర్యాదుకు 1906, అగ్నిమాపక శాఖకు 101, అంబులెన్సుకు 108, అత్యవసర సాయానికి 112.